స్పగెట్టీ విరిస్తే తప్పేంటి?

గిన్నెలో పట్టట్లేదని ఎవరో స్పగెట్టీని సగానికి విరుస్తారు. అది చూసి ఒక ఇటాలియన్ గుండెలు బాదుకుంటాడు. ఇలాంటి వీడియోలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. ఏం చాదస్తంరా బాబూ అని నవ్వుకుని వదిలేస్తాం. కానీ నవ్వు అయిపోయాక ఒక ప్రశ్న మిగిలిపోతుంది: ఎవరికీ ఏ నష్టమూ లేని పనిని తప్పు అనొచ్చా?

ఇటలీలో పాస్తా చుట్టూ ఇలాంటి నియమాలు చాలానే ఉన్నాయి. పాస్తాని మాంసం పక్కన నంజుకోరు. మాంసం కంటే ముందు, విడిగా తింటారు. కత్తితో కొయ్యకూడదు, ఫోర్కుకి చుట్టుకోవాలి. చేపలో రొయ్యలో వేసిన పాస్తా మీద చీజ్ చల్లకూడదు. కొన్నిటికి కారణాలున్నాయి. పొడుగ్గా ఉంటేనే కదా చుట్టుకోడానికి వీలు! చీజ్ ఘాటు ముందు చేప రుచి ఆనదు. కానీ నియమం తప్పినవాణ్ణి చూసే చూపులో ఈ కారణాలేవీ ఉండవు. నువ్వు మావాడివి కాదు అన్న మాటే ఉంటుంది.

తాతల నాటి నుంచీ ఇంతే అందామంటే చరిత్ర ఒప్పుకోదు. పంతొమ్మిదో శతాబ్దంలో నేపుల్స్ వీధుల్లో జనం మాకరోనీని చేత్తోనే పైకెత్తి నోట్లోకి జార్చుకునేవాళ్ళు. ఇవాళ ఇటలీ పరువంతా తన మీదే ఉన్నట్టు కనిపించే కార్బొనారా, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వంట పుస్తకాల్లో లేదు. 1954లో ‘లా కుచీనా ఇతాలియానా’ పత్రిక అచ్చువేసిన కార్బొనారాలో వెల్లుల్లీ, స్విట్జర్లాండ్ వాళ్ళ గ్రుయేర్ చీజూ ఉన్నాయి. ఇప్పుడెవరైనా అలా చేస్తే గొడవే. బొలోన్యా వాళ్ళు తమ మాంసం సాస్ ‘రగూ’ ఎలా వండాలో 1982లో అక్కడి ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో అధికారికంగా నమోదు చేయించారు, 2023లో సవరించారు. మా భాషలో చెప్పాలంటే, కోడ్ ఏళ్ళ తరబడి నడిచాక రాసిన డాక్యుమెంటేషన్ అది. వెర్షన్ టూ కూడా వచ్చేసింది.

అలాగని ఆచారమంతా బూటకం అని తేల్చెయ్యడం కూడా తొందరపాటే. ‘స్కార్పెత్తా’ సంగతి చూడండి. పాస్తా అయిపోయాక ప్లేటుకి అంటుకున్న సాస్‌ని రొట్టెముక్కతో తుడుచుకు తినడాన్ని అలా అంటారు. పెద్దమనుషుల విందుల్లో అది మర్యాద కాదు. ఇంట్లో మాత్రం అందరూ చేస్తారు, వండినవాళ్ళు చూసి మురిసిపోతారు. బయట కూడదన్న నియమం ఉంది కాబట్టే, ఇంట్లో ఆ రొట్టెముక్కకి "ఇక్కడ నాకు మొహమాటం లేదు" అనే అర్థం వచ్చింది. నియమమే లేకపోతే అది వట్టి తుడవడమే. అంటే ఈ ఆచారాలు ఒక రకంగా భాష లాంటివి. వాటి విలువ వయసులో లేదు, వాటితో ఎవరితో ఏం మాట్లాడుతున్నామన్న దాంట్లో ఉంది.

ఆ భాషతోనే తలుపూ మూయొచ్చు. 2019లో బొలోన్యా నగర పోషక సాధువు సాన్ పెత్రోనియో పండక్కి, పందిమాంసం కూరిన మామూలు తొర్తెల్లీనీతో పాటు కోడిమాంసంతో చేసినవి కూడా పెడదామనుకున్నారు. పంది తినని ముస్లింలు కూడా వచ్చి తింటారని. పాతవాటిని ఎవరూ తీసెయ్యలేదు. అయినా మత్తేయో సల్వీనీ లాంటి నాయకులు మన చరిత్రని చెరిపేస్తున్నారని మండిపడ్డారు. అక్కడ కాపాడాలనుకున్నది తొర్తెల్లీనీనా, లేక బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో తేల్చే హక్కునా?

కాబట్టి నాకు తోచినంతలో, ఒక ఇటాలియన్ ఇంట్లో, మన కోసం వండిన మనిషి ఎదురుగా కూర్చుని ఆ స్పగెట్టీని కత్తితో ముక్కలు చేస్తే అది తప్పే. నష్టం ఏమీ లేకపోయినా తప్పే, ఎందుకంటే ఆవిడ మనతో ఏదో చెబుతోంది, మనం వినడం లేదు. అదే హైదరాబాద్‌లో మన వంటింట్లో చిన్న గిన్నె తప్ప ఏమీ లేనప్పుడు నిక్షేపంగా విరుచుకోవచ్చు. అక్కడ మనతో ఎవరూ మాట్లాడటం లేదు, ఆకలి తప్ప.