నజాషీ రుణం



ఉక్రెయిన్ బాధితుల కోసం దుఆ చేద్దామంటే మనలో కొందరు ముఖం తిప్పుకుంటారు. "2003లో ఇరాక్‌కు సైన్యం పంపిన దేశాల్లో ఉక్రెయిన్ కూడా ఉంది కదా! వాళ్ల కోసం మనమెందుకు ఏడవాలి?" అంటారు. నిజమే, పంపింది. ఆ బాధ అబద్ధం కాదు. అయితే ఒక జాతి మీద ఉన్న కోపం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదని సూరె మాయిదా 8వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులనే హెచ్చరించాడు. పాలకులు తీసుకున్న నిర్ణయానికి చంటిబిడ్డను ఎత్తుకుని సరిహద్దు దాటే తల్లిని లెక్క అడుగుతామా?

ఒక్కసారి మన చరిత్ర గుర్తు చేసుకోండి. ఇస్లాంలో మొదటి హిజ్రత్ మదీనాకు కాదు, అబిసీనియాకు జరిగింది. సుమారు క్రీ.శ. 615లో ఖురైషుల హింస భరించలేక సహాబాలు సముద్రం దాటి వెళ్లారు. ఆ దేశాన్ని ఏలే నజాషీ అప్పటికి క్రైస్తవుడు. వాళ్లను తమకు అప్పగించమని ఖురైషులు కానుకలతో దూతలను పంపారు. రాజు తొందరపడలేదు. ముందు శరణార్థుల మాట విన్నాడు. హజ్రత్ జాఫర్ (రజి) సూరె మర్యంలోని ఆయతులు వినిపించగా కన్నీరు పెట్టుకున్నాడు. కానుకలు తిప్పి పంపాడు. జాఫర్ (రజి) హిజ్రీ 7 వరకు ఆ నీడలోనే ఉన్నారు. ఆ మేలును మహాప్రవక్త (సఅసం) మరచిపోలేదు. రాజు మరణవార్త తెలిసిన రోజున మదీనాలో సహాబాలను వరుసలుగా నిలబెట్టి జనాజా నమాజు చేయించారు.

2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లో ప్రవేశించాయి. లక్షలాది స్త్రీలు, పిల్లలు పోలాండ్, రుమేనియా, మోల్డోవాలకు నడిచారు. బాధితుల్లో మన దీనీ సోదరులు కూడా ఉన్నారన్న సంగతి చాలామందికి తెలియదు. క్రిమియా తాతారులు ముస్లింలు. 1944 మేలో స్టాలిన్ ఆ జాతి మొత్తాన్ని రైలు పెట్టెల్లో కుక్కి మధ్య ఆసియాకు తరిమాడు. 1980ల చివర తిరిగి రాసాగారు. 2014లో క్రిమియాను రష్యా ఆక్రమించాక ఎంతోమంది మళ్లీ ఇల్లు విడిచారు. అయినా సాయానికి కారణం వాళ్లొక్కరే కాకూడదు. ఆనాడు నజాషీ జాఫర్‌ను మతం చూసి ఆదుకోలేదు.

అక్కడ వైద్యవిద్య చదివే మన తెలుగు పిల్లలు కూడా ఆ సరిహద్దులే దాటి ఇళ్లకు చేరారు. చలిలో వారికి రొట్టె, దుప్పటి ఇచ్చినవారు ఎవరి కులగోత్రాలూ అడగలేదు.

జకాత్ సొమ్ము ఎవరికి చెల్లుతుందో మీ ఉలమాను అడిగి తెలుసుకోండి. సదఖాకు ఆ అడ్డు లేదు. బహుదైవారాధకురాలైన తల్లి ఇంటికి వస్తే ఆదరించవచ్చా అని హజ్రత్ అస్మా (రజి) అడిగినప్పుడు మహాప్రవక్త (సఅసం) ఆదరించమనే చెప్పారు. నమ్మకమైన సహాయ సంస్థను చూసుకుని, ఈ నెల ఇంటి ఖర్చులో కొంత తీసి పంపండి. పిల్లల చేత కూడా ఇప్పించండి. ఈ రాత్రి ఇషా తర్వాత దుఆలో గాజా, సూడాన్ ప్రజలతో పాటు వాళ్లను కూడా తలచుకోండి.