దేహభారం పాపభారమా?



ఆదివారం దివ్యపూజాబలి ముగిసి గుడి ఆవరణలో నిలబడినప్పుడు మనకు తరచుగా వినబడే పలకరింపు ఒకటుంది: "ఏమ్మా, ఈమధ్య బాగా ఒళ్ళు చేశావే!" అన్నవారికి చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. విన్నవారు నవ్వి ఊరుకుంటారు. కాని ఇంటికి చేరాక కూడా ఆ మాట వారిని విడిచిపెట్టదు. బడిలో లావుగా ఉన్న పిల్లవానికి తోటివారు తగిలించే పేర్లు మనకు తెలియనివి కావు. "అమ్మాయి గుణవంతురాలే గాని కాస్త ఒళ్ళు ఎక్కువ" అని వెనక్కు పోయిన పెళ్ళి సంబంధాలూ ప్రతి విచారణలో ఉన్నాయి.

ఈ మాటలన్నిటి వెనుక ఒక తీర్పు దాగి ఉంది. లావుగా ఉన్నవారు ఎక్కువ తింటారు. ఎక్కువ తినడమంటే నోరు కట్టుకోలేకపోవడం. నోరు కట్టుకోలేకపోవడం గుణదోషం. ఇలా మూడే మెట్లలో మనం తోటివాని శరీరం దగ్గర బయలుదేరి అతని ఆత్మ దాకా వెళ్ళిపోతాం. తిండిపోతుతనాన్ని ఏడు ప్రధాన పాపాలలో ఒకటిగా శ్రీసభ బోధిస్తున్నది గనుక, ఈ మెట్లు గట్టివా కావా అన్నది వైద్యుల ప్రశ్న మాత్రమే కాదు, మన మనస్సాక్షి ప్రశ్న కూడా.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

వారసత్వాన్ని గూర్చిన శాస్త్రానికి పునాది వేసినవారు మన శ్రీసభ బిడ్డే. అగస్టీను సభకు చెందిన గురువు గ్రెగోర్ మెండెల్, నేటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో తమ మఠం తోటలో బఠానీ మొక్కలు పెంచి, గుణాలు ఒక తరం నుండి మరొక తరానికి ఏ లెక్కన దిగివస్తాయో గమనించి 1866లో ప్రచురించారు. ఆ గుణాలను మోసే వాటినే నేడు మనం జన్యువులంటున్నాం.

మరి బరువు కూడా అలా దిగివచ్చేదేనా? తల్లిదండ్రులు లావుగా ఉంటే పిల్లలూ లావుగా ఉండడం మనం చూస్తూనే ఉన్నాం. అయితే అది రక్తం వల్ల వచ్చిందా, ఆ ఇంటి వంట వల్ల వచ్చిందా? ఒకే ఇంట్లో రెండూ కలిసే ఉంటాయి గనుక విడదీసి చెప్పడం కష్టం. ఈ చిక్కు విప్పడానికి ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు డెన్మార్కు దేశపు దత్తత రికార్డులను ఆధారం చేసుకొన్నారు. చిన్నతనంలోనే దత్తుకు వెళ్ళి పెరిగి పెద్దవారైన 540 మందిని పరిశీలించి 1986లో ఫలితం ప్రకటించారు. వీరు తిన్నది పెంచిన తల్లి చేతి వంట. అయినా పెద్దయ్యాక వీరి శరీరాలు కన్నవారి శరీరాలను పోలాయే గాని పెంచినవారి శరీరాలను పోలలేదు.

కెనడాలో క్లాడ్ బుషార్ బృందం 1990లో ప్రకటించిన పరిశోధన ఇంకా ఆశ్చర్యకరం. ఒకే పోలికగల కవల సోదరులు 12 జతలను తీసుకొని, వారందరికీ 84 రోజులపాటు రోజుకు 1000 కేలరీల ఆహారం అదనంగా పెట్టారు. అందరికీ ఒకే అదనం. కాని ఒకరికి 4 కిలోలు పెరిగితే, మరొకరికి 13 కిలోలు పెరిగాయి. పైగా ఏ జతలోని అన్నదమ్ములు ఇద్దరికీ పెరుగుదల ఇంచుమించు ఒకే తీరుగా ఉంది. ఒకే పంక్తిలో కూర్చొని ఒకే భోజనం చేసినవారిలో ఒకని కంచం మాత్రమే అతని ఒంటిమీద కనబడుతుందన్నమాట!

మనిషికీ మనిషికీ మధ్య బరువులో ఉండే తేడాలో 40 నుండి 70 శాతం వరకు వారసత్వం వల్లనేనని ఇటువంటి పరిశీలనలు చెబుతున్నాయి. అయితే గత యాభై ఏళ్ళలో లావు పెరిగినవారి సంఖ్య లోకమంతటా ఎక్కువైంది. ఇంత కొద్దికాలంలో జన్యువులు మారవు. మారినవి మన తిండి, మన పని, మన నిద్ర. నల్లరేగడి మీదా ఇసుకనేల మీదా ఒకే వాన కురుస్తుంది. రేగడి నీటిని పట్టి ఉంచుతుంది, ఇసుక వదిలేస్తుంది. వాన లేని రోజుల్లో రెండు నేలలకూ తేడా అంతగా తెలియదు. నేడు తిండి అనే వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. ఏ శరీరం రేగడో ఏది ఇసుకో ఇప్పుడు బయటపడుతోంది.

ఆకలి కూడా అందరికీ ఒకటి కాదు

"సరే, వారి శరీరం అటువంటిదైతే మరికాస్త తక్కువ తినవచ్చు గదా?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆకలి కూడా మనకు సమానంగా పంచబడలేదు.

1994లో న్యూయార్కులోని రాకఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఒక జన్యువును కనుగొన్నది. ఒంట్లోని కొవ్వు "నిల్వ చాలు" అని మెదడుకు చెప్పడానికి పంపే లెప్టిన్ అనే హార్మోను ఆ జన్యువు వల్ల తయారవుతుంది. మూడేళ్ళ తరువాత ఇంగ్లాండులో కేంబ్రిడ్జి వైద్యులు, వరుసకు అక్కాతమ్ముళ్ళయిన ఇద్దరు పసిబిడ్డలలో ఈ హార్మోను పుట్టుకతోనే లేదని గుర్తించారు. ఎనిమిదేళ్ళ పాప 86 కిలోలు, రెండేళ్ళ బాబు 29 కిలోలు. ఎంత తిన్నా వారికి ఆకలి తీరేది కాదు. తరువాత ఆ హార్మోనును సూదిమందుగా ఇవ్వగా పెద్దమ్మాయికి ఆకలి అణిగింది, ఒక్క ఏడాదిలో 16 కిలోల బరువు తగ్గింది. అంతకుముందు ఆ పసిపిల్లను "ఆశపోతు" అన్నవారు ఉంటే వారు దేనిని నిందించినట్టు?

ఇటువంటి జబ్బు బహు అరుదు. మనలో చాలామందికి ఏ ఒక్క జన్యువూ ఇంత కీడు చేయదు. వందలాది జన్యువులు తలా కొంచెం ఆకలిని, తలా కొంచెం తృప్తిని అటూ ఇటూ జరుపుతాయి. 2007లో గుర్తించిన ఒక జన్యువు విషయమే చూడండి. దాని ఒక రూపాన్ని తల్లి నుండీ తండ్రి నుండీ కూడా పొందినవారు, ఎవరి నుండీ పొందనివారికంటే సగటున 3 కిలోలు ఎక్కువ తూగుతారు. అది ఎక్కువగా పనిచేసేది ఆకలి మీదనే.

పథ్యం చేసి బరువు తగ్గించుకొన్నవారి సంగతి కూడా తెలుసుకోవాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, మనస్సాక్షి ఒప్పుకోక ఆయుధం పట్టడానికి నిరాకరించిన 36 మంది అమెరికా యువకులు, కరువుపాలైన ఐరోపా ప్రజలకు మేలు కలగాలని ఒక పరిశోధనకు తమను తాము అప్పగించుకొన్నారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ వారికి 24 వారాలు సుమారు సగం తిండే పెట్టారు. ఒంట్లో నాలుగోవంతు బరువు పోయింది. దానితోపాటు వారి మనసంతా తిండి మీదకు వెళ్ళింది. వంటల పుస్తకాలు చదివారు, కలల్లో భోజనాలు చూశారు. కడుపునిండా పెట్టడం మొదలయ్యాక ఎంత తిన్నా తనివి తీరలేదు. దేశమంతా యుద్ధానికి కదిలినప్పుడు ఒంటరిగా నిలబడగలిగినవారు వారు. వారికి మనోబలం లేదని ఎవరనగలరు?

బరువు తగ్గగానే శరీరం కరువు వచ్చిందనుకొంటుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో చాలా బరువు తగ్గినవారిలో 14 మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షించి 2016లో ఫలితం వెల్లడించారు. 13 మందికి బరువు తిరిగి పెరిగింది. వారి శరీరాలు ఆ పరిమాణం మనిషికి ఖర్చు కావలసినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. అందుచేత బరువు తిరిగివచ్చినవారిని చూసి "మళ్ళీ మొదటికే వచ్చావా" అని నవ్వడం తగదు. వారు ఏ బరువుతో పోరాడుతున్నారో మనకు తెలియదు.

అయితే తిండిపోతుతనం అంటే ఏమిటి?

పునీత మహా గ్రెగోరి పోపుగారు ఈ పాపానికి ఐదు రూపాలు చెప్పారు. పదమూడవ శతాబ్దంలో పునీత తోమాస్ అక్వినాస్ వాటినే వివరించారు. వేళ కాకముందే తినడం, ఖరీదైనవే కావాలనడం, మితిమీరి తినడం, ఆబగా తినడం, రుచి కోసం అతిగా పట్టింపులు పోవడం. ఐదింటిలో పరిమాణానికి సంబంధించినది ఒక్కటే! కూరలో ఉప్పు తగ్గిందని కంచం విసిరికొట్టే సన్నని మనిషి, నోరెత్తకుండా పెట్టింది తిని లేచే లావుపాటి మనిషి, ఈ ఇద్దరిలో తిండికి దాసుడెవరు? అక్వినాస్‌గారు స్వయంగా భారీకాయులని సంప్రదాయం చెబుతుంది. పాపం మన ఇష్టంలో, మన ఎంపికలో ఉంటుంది. నడుము కొలతలో కాదు.

పుట్టుగుడ్డివానిని చూసి శిష్యులు ప్రభువును అడిగినది గుర్తుందా? పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని. ప్రభువు ఆ రెండింటినీ కాదన్నారు (యోహాను 9). లావైన బిడ్డను చూసి ఆ బిడ్డనో, ఆ బిడ్డ తల్లినో తప్పుపట్టేటప్పుడు మనం శిష్యుల ప్రశ్ననే మళ్ళీ అడుగుతున్నాం. క్రీస్తు ప్రభువును కూడా భోజనప్రియుడని, త్రాగుబోతని ఆడిపోసుకొన్నవారున్నారు (మత్తయి 11). తగిన ఆధారం లేకుండా తోటివానిలో దోషం ఉందని నమ్మడం ఎనిమిదవ ఆజ్ఞను మీరడమేనని శ్రీసభ సత్యోపదేశం చెబుతుంది. ఒంటి లావు తగిన ఆధారం కాదని పైన చూశాం.

అలాగని "అంతా జన్యువులే, నా చేతిలో ఏముంది" అని చేతులు ముడుచుకొంటే అదీ తప్పే. అలవాటు, భయం, ఇతర ఒత్తిళ్ళు మన బాధ్యతను తగ్గించగలవని శ్రీసభ ఒప్పుకొంటుంది. తగ్గించగలవేగాని ప్రతిసారీ తుడిచివేయవు. ఆరోగ్యం దేవుని వరం, దానిని తగినట్టు కాపాడుకోవాలి. శరీరాన్నే దేవునిగా పూజించడమూ తప్పేనని అదే సత్యోపదేశం హెచ్చరిస్తుంది. నడక, తగిన నిద్ర, కూరగాయలు, తీపి తగ్గించడం, ఇవి బరువు కాటా ముల్లు కదలకపోయినా గుండెకూ రక్తానికీ మేలు చేస్తాయి.

సన్నగా ఉన్నవారు నిశ్చింతగా ఉండనక్కరలేదు. పూనా వైద్యులు యాజ్ఞిక్, ఇంగ్లాండు వైద్యులు యుడ్కిన్ తమ ఇద్దరి కొలతలనే 2004లో ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరూ సరిసమానం. కాని ఒంట్లో కొవ్వు ఇంగ్లాండు వైద్యునికి 9 శాతం, మన భారతీయునికి 21 శాతం! చూపుకు సన్నగా ఉన్నా చక్కెర జబ్బు మన ఇళ్ళలో ఎందుకు దూరుతున్నదో దీనినిబట్టి కొంత అర్థమవుతుంది.

ఆకలిని అణిచే కొత్త సూదిమందులు 2025 నుండి మన దేశంలోనూ బరువు తగ్గడానికి దొరుకుతున్నాయి. వైద్యుని సలహాపై వాడుకొనేవారిని "అడ్డదారి పట్టారు" అనకూడదు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ వాడేవారిని మనం అలా అనం గదా. ఐతే అవి ఖరీదైనవి, మానేస్తే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. అందం కోసం అప్పులు చేసి కొనవలసినవి మాత్రం కావు.

ఉపవాసం, పథ్యం ఒకటి కావు

తపస్సుకాలం వచ్చినప్పుడు "ఈ నలభై రోజుల్లో ఐదు కిలోలు తగ్గాలి" అనుకొనేవారు మనలో ఉన్నారు. తగ్గితే సంతోషమే. కాని ఉపవాసం కాటా కోసం కాదు, దేవుని కోసం, ఆకలిగొన్న పొరుగువాని కోసం. యెషయా ప్రవక్త చెప్పినట్టు మన అన్నం ఆకలిగొన్నవానితో పంచుకొన్నప్పుడే అది ఉపవాసం. అందుకే శ్రీసభ విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాసాన్ని 18 నుండి 59 ఏళ్ళ వారికి విధించి, రోగులను మినహాయించింది. ఆమె కోరేది మన హృదయం.

దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన పేద విధవరాలిని తలచుకోండి. ధనవంతులు వేసిన దానికంటే ఆమె వేసినదే ఎక్కువని ప్రభువు అన్నారు. ఆకలి అంతగా ఎరుగనివాడు ఒక పూట మానడం ధనవంతుని కానుక వంటిది. పుట్టుకతోనే తీరని ఆకలి మోస్తున్నవాడు విందులో ఒక్క ముద్ద దగ్గర ఆగి లేవడం ఆ విధవరాలి కాసు వంటిది. మనకు అతని ఒళ్ళు మాత్రమే కనబడుతుంది. ఆ ముద్ద దేవునికి కనబడుతుంది.

కనుక మన ఇళ్ళలో ఏ బిడ్డకూ ఒంటినిబట్టి పేరు పెట్టవద్దు. ఒకరికి పథ్యం పెట్టి మిగిలినవారు వారి ఎదుట బిర్యానీ తినవద్దు, మేలైన తిండి అందరం కలిసి తిందాం. సంబంధం చూసేటప్పుడు గుణం అడుగుదాం. గుడి దగ్గర ఎదురైనవారిని "బాగున్నావా అమ్మా" అని అడిగి, వారు చెప్పేది విందాం. వెలుపలి రూపం చూడక హృదయాన్ని చూసే ప్రభువు, తమ చూపును మనకు కూడా అనుగ్రహించుదురు గాక.