దేవుని యేర్పాటు – మన అతిశయము

(చదువుకొనవలసిన భాగములు: రోమా 4, 9, 10, 11 అధ్యాయములు, ఎఫెసీ 1, 2 అధ్యాయములు, గలతీ 2:11–16)



వాక్యపఠన కూటములలో రోమా పత్రిక తొమ్మిదవ అధ్యాయమునకు వచ్చునప్పటికి మన సంఘస్థులు రెండు తెగలగుదురు. కొందరు దానిని త్వరగా చదివించి దాటిపోవలెనని కోరుదురు. కొందరు అక్కడనే నిలిచి, లోకము పుట్టకమునుపే దేవుడు తనవారిని ఏర్పరచుకొనియుండగా ఇక ప్రార్థన యేల, ప్రసంగమేల, గుడికి వచ్చుట యేల అని అడుగుదురు. ఇది తలబిరుసు ప్రశ్న యని కొట్టివేయరాదు. పగలంతయు చేనిలో వంగి నాట్లు వేసి, సాయంకాలము గుడికి వచ్చి కూర్చున్న మనుష్యుడు అడుగు న్యాయమైన ప్రశ్న యిది. దానికి నాకు తెలిసినంత మట్టుకు ఉత్తరము వ్రాయుచున్నాను.

మొదట ఒక సంగతి. ‘ఏర్పాటు’ అను మాట మన పల్లెలలో ఖాళీ నేలమీద పడుట లేదు. బిడ్డ పుట్టిన ఆరవ రాత్రి బ్రహ్మ వచ్చి నుదుట వ్రాసిపోవునని మన అవ్వలు చెప్పుకొన్నారు. పంట పోయినను, అల్లుడు త్రాగుబోతైనను, ‘తలవ్రాత’ అని నిట్టూర్చుట మన నాలుకకు అలవాటు. కాబట్టి బోధకుడు ‘ఏర్పాటు’ అనగానే వినువాడు దానిని తలవ్రాతకు బైబిలు పేరు అనుకొనును. ఈ రెండింటికి సంబంధము లేదు. తలవ్రాతలో ప్రేమించువాడెవడును లేడు. అది వ్రాసినవానికి నీమీద జాలి లేదు, కోపమును లేదు. ఏర్పాటు అట్టిది కాదు. ద్వితీయోపదేశకాండము ఏడవ అధ్యాయములో మోషే ఇశ్రాయేలీయులతో, మీరు లెక్కకు ఎక్కువ మంది యని యెహోవా మిమ్మును కోరుకొనలేదు, మీరు అందరికంటె కొద్దిమంది, ఆయన మిమ్మును ప్రేమించెను గనుకనే కోరుకొనెనని చెప్పుచున్నాడు. కారణము అడిగినయెడల ప్రేమ యనియే చెప్పెను. ఆ ప్రేమకు కారణము చెప్పలేదు. తల్లి తన బిడ్డను ఎందుకు ప్రేమించుచున్నదో లెక్క చెప్పగలదా?

తలవ్రాతకు తోడు మరియొక మాట మన పితరులను అణగద్రొక్కినది. మీరు ఊరివెలుపల పల్లెలో పుట్టుటకు పూర్వజన్మములో మీరు చేసిన పాపమే కారణమని వారికి చెప్పబడెను. అనగా పుట్టుకయే ఒక కూలి. వెనుకటి జన్మములో చేసిన పనికి ఈ జన్మములో కొలిచి యిచ్చిన కూలి. ఈ లెక్కను ఎరిగినవారికి రోమా నాలుగవ అధ్యాయము మిగుల స్పష్టముగా అర్థమగును. పనిచేసినవానికి ఇచ్చు జీతము ఋణమే గాని దయ కాదని పౌలు అక్కడ వాదించుచున్నాడు. కోత ముగిసిన తరువాత ఆసామి కొలిచి యిచ్చు ధాన్యమును ఏ కూలివాడును బహుమానమని అనుకొనడు. అది అతని హక్కు. దేవునియొద్ద మనకు అట్టి హక్కు లేదు. మన లెక్క చూచినయెడల మనమే బాకీ. అయినను భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చు దేవుని నమ్మువానికి, ఆ నమ్మికయే నీతిగా ఎంచబడుచున్నది. ‘తీర్చుట’ యనునది న్యాయస్థానపు మాట. దోషి లేచి నిలువబడియుండగా, అతడు విడుదలయైనాడని న్యాయాధిపతి పలుకు తీర్పది. దోషి మంచివాడైన తరువాత పలికిన మాట కాదు. అబ్రాహాము సున్నతి పొందకమునుపే నీతిమంతుడుగా ఎంచబడెనని పౌలు అదే అధ్యాయములో గట్టిగా చెప్పుటకు కారణమిదే. ముద్ర తరువాత వచ్చినది, తీర్పు ముందు వచ్చినది.

అయితే విశ్వాసము కూడ ఒక పని కాదా, నేను నమ్మితిని గనుక నాకు దొరకెను అనవచ్చును గదా? మన డెల్టా వారికి దీనికి జవాబు చేలగట్ల మీదనే యున్నది. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు అడ్డముగా ఆనకట్ట ముగింపబడినది. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. ఆ నీరు కాలువలవెంట, లాకులు దాటి, మైళ్లకొలది దూరమునుండి మన చేనికి వచ్చుచున్నది. రైతు బోదె తెరచును. బోదె తెరచితిని గనుక నేనే కృష్ణను పుట్టించితినని ఏ రైతైనను అన్నయెడల ఊరందరు నవ్వుదురు. అట్లని బోదె తెరువనివాని చేను తడియునా? తడియదు. విశ్వాసము బోదె తెరచుట, నీరు కృప. ఎఫెసీ రెండవ అధ్యాయము ఆ నమ్మికతోకూడ వచ్చు రక్షణ యంతయు మనవలన కలిగినది కాదు, దేవుని వరమనియే చెప్పుచున్నది. (ఏ ఉపమానమైనను కొంత దూరమే నడచును. కాలువ నీరు శివారు భూములకు చేరకమునుపే ఎగువవారు త్రాగివేయుదురు. దేవుని కృపకు ఆ లోపము లేదు.)

ఇక మన ప్రాంతపు సంఘచరిత్రను కొంచెము చూచెదము. రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను ఇద్దరు మిషనెరీలు 1841లో మచిలీపట్టణమునకు వచ్చిరి. ఫాక్సు ఊళ్లవెంట తిరిగి ప్రకటించి, 1848లో చిన్న వయస్సుననే మరణించెను. నోబులు 1843లో ఒక పాఠశాల తెరచెను. అగ్రవర్ణముల బాలురు క్రీస్తును ఎరిగినయెడల వారివలన తక్కినవారందరు తెలిసికొందురని ఆయన తలంపు. అందునుగూర్చి మాలపల్లె పిల్లలకు ఆ బడిలో చోటు దొరకలేదు. ఆయనను నిందించుటకు ఇది వ్రాయుట లేదు. వివాహము లేక, స్వదేశము మరల చూడక, 1865లో చనిపోవువరకు ఆ పట్టణములోనే పాటుపడిన మనుష్యుడాయన. 1852లో ఇద్దరు అగ్రవర్ణ విద్యార్థులు బాప్తిస్మము పొందగా బడి యించుమించు ఖాళీయైనది. అయినను ఆయన వెనుదీయలేదు. ఆయన శ్రమ వ్యర్థము కాలేదు. అయినను ఏర్పాటు ఏ దారిని వచ్చునో మనుష్యుడు ముందుగా గీత గీయబూనినప్పుడు ఏమి జరుగునో చూడుడి.

బడి తెరచి పదునారేండ్లు గడచెను. రాఘవాపురములో పాగోలు వెంకయ్య అను మాల కులస్థుడుండెను. ఒకప్పుడు దొంగల గుంపునకు నాయకుడుగా నుండెనని అతనినిగూర్చి చెప్పుదురు. అతడు విగ్రహములను విడిచి, ఏ బడిలోను చదువక, సువార్త పుస్తకము చేత పట్టకమునుపే, గొప్ప దేవుడెవరో, ఎక్కడ నున్నాడో తనకు కనుపరచుకొనుమని ప్రతిదినము ప్రార్థించెను. బెజవాడలో డార్లింగు దొరగారున్నారని విని వెళ్లెను. ఆయన బోధ విని, తాను వెదకినది దీనినే యని యెరిగి, 1859లో బాప్తిస్మము పొందెను. తరువాత అతడే తన జనులయొద్దకు వెళ్లి చెప్పెను. కృష్ణా మండలములో మాలపల్లెలు గుంపులుగా క్రీస్తునొద్దకు తిరుగుటకు అతడొక మొదటి ద్వారమాయెను. బందరు బడి ద్వారమున చోటు లేనివానిని దేవుడు మరియొక ద్వారమున పెట్టెను.

ఇప్పుడు నన్ను చెప్పనీయుడి: వెంకయ్య దేవుని వెదకెనా, దేవుడు వెంకయ్యను వెదకెనా? అతడు ప్రార్థించినది నిజమే. కాలినడకను వెళ్లినది నిజమే. ఆ నడకను ఎవరును అతని బదులు నడువలేదు. అయితే ఏ ఉపదేశకుడును తన పల్లె త్రొక్కకమునుపే అట్లు ప్రార్థింపవలెనను ఆకలిని అతని గుండెలో ఎవరు పెట్టిరి? యోహాను పదునైదవ అధ్యాయములో ప్రభువు శిష్యులతో, మీరు నన్ను కోరుకొనలేదు, నేనే మిమ్మును కోరుకొంటినని చెప్పునప్పుడు, వారు వలలు విడిచి వెంబడించిన సంగతి అబద్ధమని చెప్పుట లేదు. వెదకుచున్నప్పుడు ‘నేను వెదకుచున్నాను’ అనియే తోచును. దొరకిన తరువాత వెనుకకు తిరిగి చూచినయెడల ఆయన అడుగుజాడలు మన అడుగుజాడలకంటె ముందుగా కనబడును. కాబట్టి ఏర్పాటు వెనుకకు తిరిగి చూచి స్తుతించు మాట. ముందుకు చూచి ఫలానివాడు లోపల, ఫలానివాడు వెలుపల అని పద్దు వ్రాయుటకు ఇయ్యబడిన మాట కాదు.

ఇంగ్లీషు సంఘపువారి 39 మతసూత్రములు 1571లో స్థిరపరచబడినవి. అందులో పదునేడవ సూత్రము కూడ ఈ జాగ్రత్తయే చెప్పుచున్నది. క్రీస్తునందు నడచువారికి ఈ బోధ మధురమైన ఆదరణయని, ఊరక కుతూహలముతో తొంగిచూచువారికి ప్రమాదకరమైన కొండచరియ యని దాని భావము. ఈ విషయమున భిన్నాభిప్రాయములుగల వెస్లీ, వైట్‌ఫీల్డు గార్లు గట్టిగా వాదించుకొనిరి. అయినను 1770లో వైట్‌ఫీల్డు చనిపోయినప్పుడు ఆయనను స్మరించి ప్రసంగము చేసినది వెస్లీయే. వారి ఇరువురి వారసులును 1947లో దక్షిణ ఇండియా సంఘములో ఏకమైరి. ఈ ప్రశ్నను ముందుగా తేల్చుకొని ఏకము కాలేదు. నా మట్టుకు నేను దానిని మంచిపని యనుకొందును.

వాదము పుస్తకములలో నున్నంతసేపు సుళువు. ఒక ముసలి విధవరాలు నన్నొకసారి అడిగిన ప్రశ్న సుళువైనది కాదు. ‘అయ్యగారూ, మా అమ్మ నీళ్లు పోయించుకోకుండానే పోయింది. ఎవరూ వచ్చి చెప్పలేదు ఆమెకు. నన్ను ఏర్పరచుకొన్న దేవుడు ఆమెను వదిలేశాడా?’ అని అడిగెను. ఆమెతో నేను చెప్పినది ఇంతే: సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయకుండునా అని అబ్రాహాము అడిగిన ప్రశ్న ఆదికాండము పదునెనిమిదవ అధ్యాయములో నున్నది, ఆ ప్రశ్నకు దేవుడు కోపపడలేదు. నీ తల్లినిగూర్చి నాకు తాళపుచెవి ఇయ్యబడలేదు. నేను ఆ తలుపు మూయలేను, తెరువలేను. తనవారెవరో ప్రభువునకే తెలియునని పౌలు తిమోతికి వ్రాసెను. పాస్టరుకు తెలియునని వ్రాయలేదు. ఇంతకంటె ఎక్కువ చెప్పు బోధకులున్నారు. వారికి ఎవరు చెప్పిరో నేనెరుగను.

ఇట్టిదే మరియొకటి. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన విరుచుకొనిపడి వేలకొలది జనులను తీసికొనిపోయెను. బ్రతికినవారి యిండ్లలో ‘దేవుడు మమ్మును ఏర్పరచుకొని కాపాడెను’ అను సాక్ష్యము నేటికిని వినబడును. కృతజ్ఞత మంచిదే. కాని ఆ మాట అటుప్రక్క చెవిని ఎట్లు పడుచున్నదో తలంచితిరా? బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దానిని విని, అయితే నా బిడ్డ ఏర్పాటులో లేదు కాబోలు అనుకొనును. సిలోయము గోపురము కూలి పదునెనిమిది మంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులు కారని ప్రభువు తేటగా చెప్పెను. తాడిచెట్టు పట్టుకొని బ్రతికినవానికిని, కొట్టుకొనిపోయినవానికిని నడుమ ఏర్పాటును గీతగా గీయకుడి.

‘మరి నేను ఏర్పరచబడినవాడనని నాకెట్లు తెలియును?’ అని అడుగువారికి ఒక్కమాట. ఆకాశమునకు నిచ్చెన వేసి, అక్కడి పేర్ల పట్టీ చూచుటకు ప్రయత్నింపకుడి. తనయొద్దకు వచ్చువానిని ఎంతమాత్రమును త్రోసివేయనని క్రీస్తు యోహాను ఆరవ అధ్యాయములో మాట ఇచ్చియున్నాడు. రండి. వచ్చుటయే మీకు తెలియవలసినంత జవాబు. రక్షణ పొందువారు కొద్దిమందేనా అని ఒకడు ఆయనను అడిగినప్పుడు ఆయన లెక్క చెప్పలేదు. ఇరుకు ద్వారమున ప్రవేశించుటకు నీవు పాటుపడుమనెను. అట్లయితే ప్రకటించుట యేల అను ప్రశ్నకును ఇదే జవాబు. తొమ్మిదవ అధ్యాయము వ్రాసిన పౌలే పదియవ అధ్యాయములో, ప్రకటించువాడు లేక వారెట్లు విందురని అడుగుచున్నాడు. 1912లో దోర్నకల్లు బిషప్పైన అజరయ్యగారు క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత తలలమీద చేతులు పెట్టించి, సువార్త ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ అని పలికించెడివారు. కోరుకొనబడినవాడు పంపబడినవాడని వారికి ఆ దినముననే తెలిసెను.

చివరకు నా మనస్సును బాధించు సంగతికి వచ్చుచున్నాను. నేడు మన సంఘములలో, ‘మాది మొదటినుండి క్రైస్తవ కుటుంబము, మా తాతకు దొరగారే బాప్తిస్మమిచ్చెను’ అను మాట గొప్పగా వినబడుచున్నది. మాలపల్లె గుడి వేరు, మాదిగపల్లె గుడి వేరు అయిన ఊళ్లున్నవి. ఒక సంబంధము మాటాడునప్పుడు విశ్వాసమునకు ముందు కులము అడుగుదుము. పుట్టుకవలన నీచులమని చెప్పిన లెక్కనుండి ఏ కృప మనలను విడిపించెనో, ఆ కృపనే మరల పుట్టుకగా మార్చుకొంటిమి. తాతగారి బాప్తిస్మము కూలిగా మనకు కొలిచి యియ్యబడవలెనని అడుగుచున్నాము. అంటుకట్టబడిన కొమ్మ మొదటి కొమ్మలమీద అతిశయపడరాదని రోమా పదునొకండవ అధ్యాయము హెచ్చరించుచున్నది. ఆమోసు మూడవ అధ్యాయమైతే ఇంకను కఠినము: మిమ్మును మాత్రమే ఎరిగితిని గనుక మీ దోషములన్నిటికి మిమ్మునే శిక్షింతునని యెహోవా పలికెను.

విశ్వాసమువలననే మనుష్యుడు నీతిమంతుడుగా తీర్చబడునను మాటను పౌలు గలతీ రెండవ అధ్యాయములో ఏ సందర్భమున చెప్పెనో గమనించితిరా? పాఠశాలలో కాదు, వాదసభలో కాదు, భోజనపు బల్లయొద్ద. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి లేచి వేరుగా కూర్చుండెను. బర్నబాకూడ అతనివెంట లేచిపోయెను. అప్పుడు పౌలు అందరియెదుట పేతురును ముఖాముఖిగా ఎదిరించి ఈ సిద్ధాంతమును చెప్పెను. పేతురు ఆ బల్లయొద్దకు తిరిగి వచ్చి కూర్చుండెనా లేదా అన్నది పౌలు వ్రాయలేదు.

వచ్చు నెల మొదటి ఆదివారము ప్రభురాత్రి భోజనమునకు ముందు ఆ ఆరు వచనములను ప్రతి యింటను చదువుడి.