హద్దు గీసేది ఎవరు?

పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. రైతు ధర అడిగేదీ, వ్యాపారి ధర చెప్పేదీ ఆ బస్తాకే. ఎంత మంచి పిక్కయినా అందులోంచి దిగే పప్పు 20 కిలోల చుట్టూ ఉంటుంది. పప్పు మీది పల్చటి పొట్టు, కొంత తేమ పోగా తక్కినదంతా గట్టి తొక్కే. జంట పట్టణాల్లో రెండు వందలకు పైగా ఉన్న జీడి పరిశ్రమల వెనక నల్లగా, జిగటగా గుట్టలు పడేది అదే. కొంత బాయిలర్లలో కాలుతుంది, కొంత నూనె తీసేవాళ్లకు పోతుంది. పప్పుతో పోలిస్తే దాని ధర లెక్కలోకి రాదు.

ఆ తొక్క సరుకా, చెత్తా? పైకి ఇది వ్యాపారి తేల్చుకోవలసిన విషయంలా కనిపిస్తుంది. కానీ ఇంజనీరింగ్ పరిశోధన ఇప్పుడు దీన్ని తీసుకెళ్లి చాలా పాత తాత్విక ప్రశ్న ముందు నిలబెట్టింది. పనికిరానితనం వస్తువులోనే ఉంటుందా, దాన్ని చూసేవాడి లెక్కలో ఉంటుందా?

ముందు తొక్కలో ఏముందో చూడాలి. దాని బరువులో దాదాపు నాలుగో వంతు నూనె. పిల్లలు పచ్చి పిక్క కొరికితే మూతి పొక్కేది ఆ నూనె వల్లే. చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడిలోనూ, జపాన్ వాళ్లు చెక్కపెట్టెలకు పూసే ఉరుషి లక్కలోనూ ఉండే రసాయనాలు దీనికి దగ్గరి చుట్టాలు. నూనెలో ప్రధానంగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం. వేడి చేస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి కార్డనాల్ మిగులుతుంది. కార్డనాల్ అణువుకు ఒక కొసన ఫీనాల్ వలయం, రెండో కొసన 15 కార్బన్ల పొడవైన తోక. ఫీనాల్ పెట్రోలియం నుంచి తీసే పదార్థం. ప్లైవుడ్ జిగుళ్లకీ రెసిన్లకీ అదే మూలసరుకు. ఆ పని చేయగల వలయం జీడిపిక్క తొక్కలోనే తయారై ఉంది. పైగా దాని తోక రెసిన్‌కు వంగే గుణాన్నీ, నీటిని తిప్పికొట్టే గుణాన్నీ ఇస్తుంది.

ఈ సంగతి తెలిసి వందేళ్లు కావస్తోంది. 1920లలోనే అమెరికాలో మార్టిమర్ హార్వే ఈ నూనెను పరిశ్రమల వాడకానికి తెచ్చాడు. లారీల బ్రేకు లైనింగుల్లో కలిపే ఘర్షణ పొడి, ఓడలకు వేసే ఎపాక్సీ రంగుల్ని గట్టిపరిచే పదార్థం దీనితోనే తయారవుతున్నాయి. మన దేశంలో కార్డనాల్ పాలిమర్లపై తిరువనంతపురం ప్రాంతీయ పరిశోధనశాలలో ఏళ్ల తరబడి పని జరిగింది. 2010లో జపాన్ సంస్థ ఎన్ఈసీ, మొక్కల సెల్యులోజ్‌కు కార్డనాల్‌ను బంధించి, ఎలక్ట్రానిక్ పరికరాల్లో వాడదగిన ప్లాస్టిక్‌ను రూపొందించినట్టు ప్రకటించింది. మొక్కజొన్న నుంచి తీసే ప్లాస్టిక్ తిండిగింజకు పోటీ వస్తుంది. జీడితొక్కకు ఆ దోషం లేదు, దాన్ని ఎవరూ తినరు.

ఈ కథ వింటే నాగార్జునుడు ఆశ్చర్యపోయి ఉండడు. ఆంధ్రదేశపు కొండల్లో నడిచాడని సంప్రదాయం చెప్పే ఆ బౌద్ధ ఆచార్యుడు మూలమధ్యమకకారికలో వాదించిందంతా దీని గురించే. ఏ వస్తువుకూ తనంత తానుగా నిలిచే స్వభావం లేదు, కారణాలూ సంబంధాలూ కలిస్తేనే అది అది అవుతుంది. ఆయన మాటను తొక్కకు పట్టిస్తే, చెత్తకు స్వభావం లేదు. పలాసలో పెరటి గుట్టగా ఉన్నదే వేరొక చోట, వేరొక సంబంధంలో మూలసరుకు.

కొబ్బరి దీన్ని ఇంకా బాగా చూపిస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో తోటలకు తోటలే నేలకొరిగాయి. పడిపోయిన చెట్టు రైతుకు రెండుసార్లు నష్టం. కాపు పోయింది, మానును తోటలోంచి తీయించడానికి ఎదురు డబ్బు పెట్టవలసి వచ్చింది. అదే ఫిలిప్పీన్స్‌లో ముసలి కొబ్బరి మానును ఇళ్లకు కలపగా కోస్తారు. వెలుపలి భాగం గట్టిగా ఉంటుంది కాబట్టి వాసాలకూ పలకలకూ పనికొస్తుంది. అక్కడ కలప అయ్యేది ఇక్కడ బరువైంది. తేడా మానులో లేదు. కోసే యంత్రం, కోయడం తెలిసిన మనిషి, కొనే బజారు దగ్గర్లో ఉన్నాయా లేదా అన్నదే తేడా.

కొబ్బరి డొక్క సంగతీ అంతే. దాని పీచులో లిగ్నిన్ ఎక్కువ, అందుకే ఉప్పునీటిలో కూడా తొందరగా కుళ్లదు. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో పరిశోధకులు 2000ల మొదట్లో ఒక సులువైన విషయం పట్టుకున్నారు. మొత్తం డొక్కను పొడి చేసి వేడిమీద గట్టిగా అదిమితే లోపలి లిగ్నినే కరిగి జిగురుగా పనిచేస్తుంది, బయటి రెసిన్ చుక్క కూడా అక్కర్లేని గట్టి పలక తయారవుతుంది. ఆ కొబ్బరి తోటలున్న ఉద్దానం ప్రాంతంలో డొక్కకు కొదవ లేదు.

చెత్తకు స్వభావం లేదన్న ఆలోచనకు శ్రీకాకుళం జిల్లా నేల కొత్తది కాదు. టెక్కలికి దక్షిణాన వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది. ఆ బౌద్ధ స్థలాన్ని 1919లో లోకం దృష్టికి తెచ్చినవాడు గిడుగు రామమూర్తి పంతులు. అక్కడి విహారాల్లో బతికిన భిక్షువులకు వినయపిటకం నిత్యపాఠం. అందులో ఆనందుడి కథ ఒకటి ఉంది. కౌశాంబి రాజు ఉదయనుడి అంతఃపుర స్త్రీలు ఆనందుడికి అయిదు వందల చీవరాలు దానం చేశారు. ఇన్ని బట్టలు ఈ భిక్షువు ఏం చేసుకుంటాడు, అమ్ముకుంటాడా అని రాజుకు అనుమానం వచ్చి నేరుగా వెళ్లి అడిగాడు. చిరిగిన చీవరాలున్న వారికి పంచుతానన్నాడు ఆనందుడు. మరి ఆ చిరిగినవో? పక్కమీద దుప్పట్లవుతాయి. దుప్పటి చిరిగితే పరుపు గలీబు, ఆ తరవాత నేలమీద పరుచుకునే గుడ్డ, ఆ తరవాత కాళ్లు తుడుచుకునేది, దుమ్ము దులిపేది. అదీ పీలికలైతే మట్టిలో కలిపి మెత్తి నేలకు పూత పూస్తాం. రాజు సంతోషించి ఇంకో అయిదు వందల వస్త్రాలిచ్చాడు.

చివరి మెట్టు దగ్గర ఇంజనీరు ఒక్క క్షణం ఆగాలి. పీలికలు కలిపిన మట్టిపూత బీటలు వారదు, పోగులు దాన్ని పట్టి ఉంచుతాయి. ఇవాళ ప్రయోగశాలల్లో కొబ్బరి పీచును సిమెంటులోనూ రెసిన్‌లోనూ కలిపి పరీక్షిస్తున్నది ఈ సూత్రాన్నే. అయితే కథకు బలం పూతలో లేదు. రాజు అడిగింది వస్తువు గురించి. ఆనందుడు జవాబు మొదలుపెట్టింది మనుషుల దగ్గర, చీవరం చిరిగినవాళ్ల దగ్గర. దానం చివరి పీలిక దాకా ఎవరెవరికి ఏమవుతుందో చెప్పాకే రాజు అనుమానం తీరింది.

ఆ లెక్క మొత్తం చెప్పడం ఆధునిక శాస్త్రానికీ తెలుసు. ఒక పదార్థం పుట్టుక నుంచి చావు దాకా ఎంత ఇంధనం తాగింది, ఎంత కర్బనం వదిలింది అని కట్టే లెక్కను జీవితచక్ర మదింపు అంటారు. ఐఎస్ఓ 14040 అనే ప్రమాణం 1997 నుంచి దానికి పద్ధతి చెబుతోంది. మొదటి అడుగుల్లోనే ఒక హద్దు గీయాలి. ఏది లెక్క లోపల, ఏది బయట అని. ఆ గీత లేనిదే లెక్క మొదలవదు. అసలు తాత్విక ప్రశ్న అక్కడే ఉంది, ఎందుకంటే ప్రకృతిలో ఆ గీత ఎక్కడా లేదు. ఎవరో ఒకరు కూర్చుని గీయాలి. గీశాక బయట పడ్డదల్లా కాగితం మీద లేనట్టే.

బయట పడితే ఏమవుతుందో ఉద్దానం ఒకసారి చూసింది. సోంపేట బీల అనే చిత్తడి నేల ఊళ్లకు నీరిచ్చింది, చేపలిచ్చింది, పశువులకు మేతనిచ్చింది. అక్కడ తలపెట్టిన 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం కాగితాల్లో అది పనికిరాని భూమి. 2010 జులై 14న ఆ కేంద్రాన్ని వద్దన్న జనంపై జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరిలో సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర మరో థర్మల్ కేంద్రం విషయంలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. సోంపేట కేంద్రం కట్టి ఉంటే దాని బూడిదతో ఇటుకలు పోసి ఉండేవారు. బూడిద ఇటుక పర్యావరణ హితమైన పదార్థమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి, అది నిజం కూడా. ఆ ఇటుక లెక్కలో బీల మాత్రం ఎక్కడా కనబడి ఉండేది కాదు.

ఇదే కళ్లతో జీడి పరిశ్రమ లోపలికి చూడాలి.

కార్డనాల్ రెసిన్‌ను పొగిడే పరిశోధనపత్రాలు తొక్కతో మొదలవుతాయి. కానీ తొక్క తనంత తాను పప్పును వదలదు. ఉడికించిన పిక్కను ఒక్కొక్కటిగా కోతయంత్రం కింద పెట్టి పగలగొట్టే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. నూనె అంటి వేళ్లు నల్లబడతాయి, చర్మం పొక్కి ఊడుతుంది. చేతులకు నూనో బూడిదో రాసుకుని పని చేయడం జీడి పని ఉన్న ప్రతిచోటా కనిపించేదే. రెసిన్‌కు నీటిని తట్టుకునే శక్తినిచ్చే ఆ పొడవాటి తోకే, చర్మపు కొవ్వులో కలిసి రసాయనం లోపలికి దిగడానికి దారి ఇస్తుంది. పడవ చెక్కను కాపాడేదీ చెయ్యిని కాల్చేదీ ఒకే నూనె. నాగార్జునుడి వాదాన్ని సగం వరకే వాడుకునేవారు ఇక్కడ ఆగిపోతారు. తొక్క చెత్త కాదు, సంబంధాన్ని బట్టి సరుకవుతుందని ఒప్పుకున్నాక, ఆ సంబంధాల్లో ఆ చెయ్యి కూడా ఉందని ఒప్పుకోవాలి. చెయ్యిని బయట పెట్టి తొక్కను మాత్రం లోపలికి తెచ్చుకునే పదార్థాన్ని పచ్చనిదని పిలవడం అబద్ధం.

దీనికి యంత్రం జవాబు చెబుతుందన్న ఆశ ఒకటుంది. 2006లో జీడిపప్పు ఎగుమతిలో భారత్‌ను దాటిన వియత్నాం ఆ తరవాత యంత్రాలనే నమ్ముకుంది. ఆ యంత్రాలు మన కర్మాగారాలకూ వచ్చాయి. తొక్క పగలగొట్టేవి కొన్ని, కెమెరాతో రంగు చూసి మచ్చ ఉన్న పప్పును గాలి ఊది పక్కకు నెట్టేవి కొన్ని. మొదటి రకం యంత్రం చెయ్యిని నూనె నుంచి తప్పిస్తుంది, దాన్ని వద్దనడానికి న్యాయమైన కారణం లేదు. రెండో రకం తీసేసేది నూనె అంటని, కూర్చుని చేసే ఏరుడు పనిని. పొక్కిన చేతులతో ఏళ్లు గడిపి వయసు మళ్లిన మనిషికి మిగిలే పని అదే. రెంటినీ తెలివైన సాంకేతికత అనే ఒకే పేరు కింద కట్టి, కూలి తగ్గడాన్ని సామర్థ్యం పెరగడంగా రాసుకుంటే, ఆ మనిషి ఆ లెక్కలో తొక్క స్థానంలోకి వెళ్తుంది. మనిషిని మిగులుగా చూసే లెక్క ఎంత కర్బనం ఆదా చేసినా తప్పు లెక్కే.

టెక్కలి చుట్టూ గ్రానైట్ క్వారీలున్నాయి. టెక్కలి బ్లూ పేరుతో ఆ రాయి దేశాలు దాటుతోంది. రాయి కోసినప్పుడు వచ్చే బురదపొడిని కాంక్రీటులో ఇసుకకు బదులు కొంతమేర కలపవచ్చని ప్రయోగాలు చూపాయి. మంచి పనే. కానీ ఆ పొడిలో సిలికా ఉంది. ఎండిన సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుందన్నది వైద్యం ఎప్పుడో తేల్చింది. పక్కనే ఉద్దానంలో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. నీళ్లు, నేల, ఎండలో శ్రమ, పురుగుమందులు అన్నీ అనుమానాల జాబితాలో ఉన్నా కారణం ఇదని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. ఆ జబ్బు కోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. కారణం తెలియని రోగం ఉన్న నేల మీద హద్దును ఇరుకుగా గీసే హక్కు ఏ ఇంజనీరుకూ లేదు. కారణాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి పుడతాయని బుద్ధుడు చెప్పిన మాట ఇక్కడ జాగ్రత్తను అడుగుతోంది. కొత్త పొడి, కొత్త రెసిన్, పీచు పొట్టు కడిగిన ఉప్పునీరు, ఏదైనా సరే, ఎవరి బావిలోకి ఏం దిగుతుందో ముందే చూసుకోవాలి.

మనుషుల్ని హద్దు లోపలికి తెచ్చే పద్ధతి లేకపోలేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2009లో సామాజిక జీవితచక్ర మదింపుకు మార్గదర్శకాలు వెలువరించింది. పనివాళ్ల ఆరోగ్యం, కూలి, చుట్టుపక్కల ఊళ్ల బాగోగులు అందులో లెక్కించవలసిన అంశాలు. పద్ధతి ఉంది, దాన్ని జీడి తొక్కకూ కొబ్బరి డొక్కకూ రాతి పొడికీ పట్టించి చూడటం మిగిలింది.

ఆ పని టెక్కలి, శ్రీకాకుళం ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు చేయగలరు. చివరి ఏడాది ప్రాజెక్టుకు కొబ్బరి పీచునో జీడి రెసిన్‌నో రాతిపొడినో ఎంచుకునేవాళ్లు ముందుగా పలాసలో పిక్క కోసే గదిలో ఒక పూట కూర్చోవాలి, కోసేవాళ్లను అడగాలి. నివేదికలో పదార్థం బలం, బరువు, ధర రాసే పట్టికలోనే ఇంకో రెండు గడులు గీయాలి. ఒకటి ఆ పని చేసే చేతులకు ఏమవుతుందో రాయడానికి, రెండోది ఆ పని పోతే ఆ ఇంటికి ఏం వస్తుందో రాయడానికి. ఆ గడులు ఖాళీగా ఉన్న ప్రాజెక్టుకు మార్కులు వేయవద్దని అధ్యాపకులకు మనవి.