బిడ్డ తల్లి దగ్గరే ఉండాలంటే

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వైపు మగ్గాల వీధుల్లో నడుస్తుంటే చెవిన తెలుగు పడుతూనే ఉంటుంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పవర్‌లూమ్ పనికి వలస వచ్చి ఇక్కడే తరాలుగా స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఈ ఊరికి మనవాళ్లు పరాయివాళ్లు కారనడానికి అదే సాక్ష్యం.

కొన్నేళ్ల కిందట ఆ వీధుల నుంచి ఒక తల్లి మా దగ్గరికి వచ్చింది. భర్త మగ్గం పనిచేస్తూ ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఇంట్లో కూర్చుని చీరలకు లేసులు కుట్టి, స్టోన్లు అంటిస్తే వచ్చే డబ్బు గది కిరాయికే చాలడం లేదు. మేము ఆలోచించి, మంచిపనే చేస్తున్నామనుకుని, పెద్దపిల్లను ఒక పిల్లల వసతి గృహంలో చేర్పించాం. తిండి, బట్ట, చదువు అన్నీ దొరుకుతాయని తల్లికి నచ్చజెప్పాం. ఆరు నెలల తరువాత ఆమె మమ్మల్ని ఒక్కమాట అడిగింది: "సారూ, ఆడ నా బిడ్డకు పెట్టే ఖర్సు నాకే ఇస్తే, అది నా దగ్గర్నే ఉండేది గదా?"

మేము తల దించుకున్నాం. న్యాయశాస్త్రం చదివినవాళ్లం, రోజూ త్రిశరణాలు, పంచశీల చెప్పుకునేవాళ్లం. అయినా ఆ ప్రశ్న మాకు ముందుగా తట్టలేదు. పేదరికం తప్ప మరే తప్పూ లేని తల్లి నుంచి బిడ్డను వేరుచేయడం కరుణ అవుతుందా? వేరు కాకుండా ఆపే నాలుగు డబ్బులు ప్రభుత్వం చేసే దయా, తీర్చవలసిన బాకీయా?

ముందు ఉన్న పథకాలను చూద్దాం. గుజరాత్‌లో పాలక్ మాతా పితా యోజన ఉంది. తల్లిదండ్రులిద్దరూ చనిపోయిన బిడ్డను, లేదా తండ్రి చనిపోయి తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్న బిడ్డను బంధువులు పెంచుతుంటే నెలకు 3,000 రూపాయలు ఇస్తారు. ఇది మంచి పథకం. ఆ బిడ్డలకు అది అందవలసిందే. భర్త పోయిన స్త్రీకి 'గంగా స్వరూప' పేరుతో నెలకు 1,250 రూపాయల పింఛను ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి. తల్లి వేరే సంసారానికి వెళ్లి బిడ్డ బంధువుల పాలైతే 3,000. అదే తల్లి బిడ్డను కడుపులో పెట్టుకుని ఒంటరిగా పెంచితే 1,250. ఎవరూ చెడు బుద్ధితో ఇలా రాసి ఉండరు. కానీ ఇల్లు పూర్తిగా విరిగాకే మన సాయం చేయి చాస్తోందని ఈ లెక్క చెబుతోంది.

దీఘ నికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తం ఈ సంగతినే ఒక రాజు కథగా చెబుతుంది. ఆ రాజు ప్రజలకు రక్షణ కల్పించాడు, పరిపాలన చేశాడు. ఒక్కటి మాత్రం మరిచాడు: లేనివాళ్లకు ధనం ఇవ్వలేదు. పేదరికం పెరిగింది. ఒకడు దొంగతనం చేశాడు. బతకడానికి ఏమీ లేక చేశానంటే రాజు వాడికి డబ్బిచ్చి, నీ తల్లిదండ్రులనూ భార్యాబిడ్డలనూ పోషించుకోమన్నాడు. దొంగతనం చేస్తే రాజు డబ్బిస్తాడని ఊరంతా తెలిసింది. దొంగలు పెరిగారు. అప్పుడు రాజు ఇవ్వడం మాని తలలు నరికించడం మొదలుపెట్టాడు. జనం కూడా కత్తులు పట్టారు.

ఈ కథను చాలామంది ఉచితంగా ఇస్తే జనం చెడిపోతారనడానికి వాడుకుంటారు. సుత్తం చెప్పింది అది కాదు. అన్ని అనర్థాలకూ మొదటి కారణంగా అది చూపించింది పేదలకు ఇవ్వకపోవడాన్నే. రాజు ఇవ్వడం తప్పు కాదు, ఆలస్యంగా ఇవ్వడం తప్పు. మనిషి పడిపోయాక ఇస్తే పడిపోవడానికి బహుమతి ఇచ్చినట్టే ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడే ఆసరా ఇవ్వడం ధమ్మం.

డబ్బు చేతికిస్తే తాగుడుకు పోతుందనే మాట మన ఉపాసకుల నోటా విన్నాం. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. మగ్గాల వీధుల్లో సారా ఏం చేసిందో మాకు తెలుసు. కానీ ఆ డబ్బు తల్లీబిడ్డల పేరున ఖాతాలో పడేలా, పిల్ల బడికి వెళ్తోందో లేదో చూసేలా ఏర్పాటు చేయవచ్చు. ఒక తండ్రి తాగుతాడని వీధిలో తల్లులందరినీ అనుమానించడం మన శీలానికి తగదు.

బాబాసాహెబ్ ఈ ప్రశ్నను ఎప్పుడో ఎదుర్కొన్నారు. 1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి బిల్లు చర్చకు వచ్చినప్పుడు ఆయన దాన్ని సమర్థించారు. తల్లికి విశ్రాంతి దొరకడం జాతి ప్రయోజనమని, కాబట్టి ఆ భారంలో పెద్ద భాగం ప్రభుత్వమే మోయాలని వాదించారు. 1929లో అది చట్టమైంది. అప్పుడు సూరత్ కూడా బొంబాయి ప్రెసిడెన్సీలోనిదే. బిడ్డను కని పెంచడం ఆ తల్లి సొంత వ్యవహారం మాత్రమే కాదని, సమాజం ఆమెకు రుణపడి ఉందని ఆ వాదనకు అర్థం. రాజ్యాంగం 39వ అధికరణ బాల్యాన్ని నైతికంగా, భౌతికంగా దిక్కులేనిదిగా వదిలేయకూడదంటుంది. 41వ అధికరణ తమ తప్పు లేకుండా లేమిలో పడ్డవారికి ప్రభుత్వ సాయం గురించి చెబుతుంది.

దారి లేకపోలేదు. 2015 బాల న్యాయ చట్టం 45వ సెక్షన్ పిల్లలకు స్పాన్సర్‌షిప్ కార్యక్రమాల కోసం రాష్ట్రాలు నిబంధనలు చేయాలంది. మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు వస్తాయి. పట్టణంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 మించకూడదు. భర్త లేని తల్లి బిడ్డలు, ప్రాణాంతక జబ్బుతో ఉన్న తల్లిదండ్రుల బిడ్డలు కూడా అర్హులే. అంటే ఇల్లు విరగకముందే అందగల సాయం ఇది. కానీ నిజాయితీగా చెప్పాలి: ఇది ఉన్న నిధుల మేరకు ఇచ్చేదే కానీ, అర్హులందరూ కోర్టుకెళ్లి రాబట్టుకోగల హక్కు కాదు. పైగా వలస కుటుంబానికి కాగితాలే గోడ. ఆధార్ మీద సొంతూరు అడ్రసు, రేషన్ కార్డు అక్కడిది, ఇక్కడి కిరాయి గదికి రాతకోతలు లేవు.

ఇక్కడే నగరపాలక సంస్థ బాధ్యత మొదలవుతుంది. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ, పట్టణ పేదరిక నిర్మూలన కూడా పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనులుగా ఉన్నాయి. బ్రెజిల్‌లో 1995లో కాంపినాస్ అనే నగరం పిల్లలున్న పేద కుటుంబాలకు సొంతంగా నగదు సాయం మొదలుపెట్టింది. ఆ బాటలో వచ్చిన బోల్సా ఫమీలియా 2003 నుంచి దేశమంతటికీ చేరింది. ఒక నగరం ముందడుగు వేస్తే దేశం వెనక నడుస్తుంది. తెలుగు బడి నడిపే నగరానికి ఆ బడిలో ఏ పిల్ల ఎందుకు రావడం మానేసిందో తెలుసు. అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.

మన విహారాలు ఏం చేయాలి? బుద్ధ పూర్ణిమకు, ఏప్రిల్ 14కు బియ్యం పంచుతాం. మానవద్దు. కానీ దానం తీసుకున్న తల్లి మనకు దండం పెట్టాలి, రావలసినది తీసుకున్న తల్లి ఎవరికీ దండం పెట్టనక్కర్లేదు. ఆదివారం వందన తరువాత ఒక గంట దరఖాస్తులు నింపడానికి, ఆదాయ ధ్రువపత్రం కోసం తోడు వెళ్లడానికి కేటాయిద్దాం. కార్పొరేటర్లను ఈ ప్రశ్న అడుగుదాం.

ఆ తల్లికి స్పాన్సర్‌షిప్ రావడానికి ఏడాది పైన పట్టింది. పెద్దపిల్ల ఇంటికి వచ్చిన రోజు చెల్లెలు కొత్త మనిషిని చూసినట్టు తల్లి వెనక దాక్కుంది. ఇప్పుడు ఇద్దరూ ఒకే బడికి వెళ్తున్నారు. పోయిన ఆ కాలాన్ని మాత్రం ఏ పథకమూ వాళ్లకు తిరిగి ఇవ్వలేదు. అందులో మా వంతు తప్పు ఉంది కాబట్టే ఇదంతా రాశాం.