డ్యూటీ మానకుండా చదువుకో, అమ్మలూ

బిర్సానగర్, జంషెడ్‌పూర్

అమ్మలూ,

నువ్వు దైవశాస్త్రం చదువుకోవాలనుకుంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన ఇంట్లో తరాలుగా బైబిలు ఉంది, పాటల పుస్తకం ఉంది, ఆదివారం గుడి మానని అలవాటు ఉంది. పద్ధతిగా కూర్చుని ఈ చదువు చదివినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నువ్వు మొదలుపెడితే ఇంటికి మొదటిదానివి. అయితే దానికోసం నర్సు ఉద్యోగం మానేసి సెమినరీలో చేరతానన్నావట. ఆ మాటకు మాత్రం ఈ చిన్నాన్న అడ్డం పడతాడు. చదువుకో తల్లీ, తప్పకుండా చదువుకో. ఉద్యోగం మానకు.

జీతం పోతుందనే భయం ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. అసలు నీకు ఈ చదువు కావాలనిపించింది ఎక్కడ? వార్డులో. తెల్లవారుజామున బెంచీ మీద కూర్చున్న తల్లి నీ చెయ్యి పట్టుకుని, నా బిడ్డకే ఎందుకిలా అయింది సిస్టర్ అని హిందీలో అడిగితే, ప్రార్థన చెయ్యండమ్మా అని చెప్పి వచ్చేశానన్నావు. ఆ జవాబు నీకే చాల్లేదన్నావు. ఆ ప్రశ్న నీకు దొరికిన చోటు వదిలేసి దాని జవాబు కోసం ఇంకెక్కడికో ఎందుకు వెళ్లడం?

యోబు గ్రంథం సంగతే చూడు. సెమినరీలో ఇరవై రెండేళ్ల కుర్రవాడు దాన్ని పరీక్ష కోసం చదువుతాడు. ఎన్ని అధ్యాయాలు, ఏది వచనం, ఏది పద్యం, ముగ్గురు స్నేహితుల వాదాలు ఏమిటి అని రాసుకుంటాడు. అదీ అవసరమే. నువ్వు మాత్రం ఆ పుస్తకాన్ని రెండు డ్యూటీల మధ్య చదువుతావు. ఆ స్నేహితులు మొదట ఏడు రోజులు నేలమీద కూర్చుని ఒక్క మాటా అనలేదన్న సంగతి దగ్గర ఆగిపోతావు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే అని నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నోరు తెరిచి పాపం, శిక్ష అంటూ లెక్కలు కట్టాకే వాళ్లు చెడ్డారు. చివరికి దేవుడు తప్పుపట్టింది వాళ్లనే, మొరపెట్టుకున్న యోబును కాదు. రోగం వచ్చిందంటే విశ్వాసం తక్కువైందని మైకులో అరిచే ప్రసంగాలు మన చుట్టూ చాలా ఉన్నాయి. వాటికి జవాబు చెప్పగలిగేది మంచం పక్కన నిలబడి చదువుకున్న మనిషే అని నేను నమ్ముతాను.

పనిచేస్తూ ఈ చదువు చదవడం రెండో రకం దారి అనుకోవద్దు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్లపాటు రోజూ బోధించాడని అపొస్తలుల కార్యములలో ఉంది కదా. కొన్ని పాత రాతప్రతుల్లో ఆ చోట ఇంకో చిన్న వివరం కనిపిస్తుంది: పగలు అయిదో గంట నుంచి పదో గంట వరకు అని. మన లెక్కలో పదకొండు నుంచి నాలుగు. ఎండకు ఊరంతా పని ఆపి నడుం వాల్చే వేళ. అంటే పొద్దున తన చేతిపని, మిట్టమధ్యాహ్నం ఖాళీగా దొరికిన గదిలో పాఠం. విన్నవాళ్లలో కూలిపని చేసుకునేవాళ్లు ఉండే ఉంటారు, వాళ్లకూ కుదిరేది ఆ వేళే. నిద్ర మానుకుని వచ్చి కూర్చున్న ఆ మనుషుల గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తాను.

విలియం కేరీ ఇంగ్లండులో చెప్పులు కుడుతూ, పక్కన పుస్తకం పెట్టుకుని లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. ఆ మనిషే 1814లో సెరంపూర్‌లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. మన ఉత్తరాంధ్ర బాప్టిస్టు సంఘాల మొదలు చూసినా అంతే. 1874లో కెనడా మిషనరీ మెక్‌లారిన్ కాకినాడకు రాకముందే అక్కడ పని మొదలుపెట్టినవాడు థామస్ గాబ్రియేలు. టెలిగ్రాఫు శాఖలో ఉద్యోగి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి టాటా కంపెనీలో పనికోసం ఇక్కడికి వచ్చిన మన పెద్దవాళ్లలో ఎందరో ఆ సంఘాల బిడ్డలే. కాబట్టి ఇది మనకు పుట్టింటి సంగతి.

ఇక ఎక్కడ చదవాలి? నాకు తెలిసినవి రెండు దారులు, రెండూ మంచివే.

మొదటిది సెరంపూర్. టాటానగర్‌లో పొద్దున్నే స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పూటలోపు హౌరా, అక్కడినుంచి లోకల్ బండి. ఒకసారి వెళ్లి ఆ కాలేజీ చూసి రా. హుగ్లీ ఒడ్డున ఉంటుంది. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ కలిసి పెట్టారు. ఆ ఊరు అప్పట్లో డెన్మార్కు వాళ్లది, అందుకే డిగ్రీలు ఇచ్చే అధికారం 1827లో డెన్మార్కు రాజు నుంచి వచ్చింది. తర్వాత 1918లో బెంగాల్ ప్రభుత్వం చేసిన చట్టంతో సెరంపూర్ సెనేట్ ఏర్పడింది. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల, రాంచీలోని గోస్నర్ థియలాజికల్ కాలేజీ ఈ సెనేట్ కిందివే. సెమినరీలో ఉండి చదివే బి.డి. ఒకటి, ఇంటి దగ్గర చదువుకునేవాళ్లకు వేరేగా పెట్టిన క్రైస్తవ అధ్యయన డిప్లొమా, బి.సి.ఎస్. డిగ్రీ ఒకటి. ఈ రెండోవాటిని కలకత్తాలోని సెప్టర్ అనే విభాగం చూస్తుంది. నీకు పనికొచ్చేది ఇదే. బి.సి.ఎస్. పాస్టరు కావడానికి చదివే బి.డి. కాదు, అది ముందే తెలుసుకుని చేరు. నువ్వు కోరేది అభిషేకం కాదని నాకు తెలుసు, అయినా రేపు ఎవరో ఈ డిగ్రీ దేనికి అంటే నీ మనసు చిన్నబుచ్చుకోకూడదు.

రెండోది ఇంటి దగ్గరే ఈ చదువు చెప్పే టాఫ్టీ అనే సంస్థ. 1971లో బెంగళూరు కేంద్రంగా మొదలైంది. దాని వెనక మంచి కథ ఉంది. మధ్య అమెరికాలో గ్వాటెమాల అనే చిన్న దేశం. అక్కడ ప్రెస్బిటేరియన్ సెమినరీ రాజధానిలో ఉండేది. పల్లెల నుంచి వెళ్లి చదువుకున్న కుర్రవాళ్లు మళ్లీ పల్లెలకు రావడం గగనమైంది. పల్లెల్లో సంఘాలను నిజంగా నడిపిస్తున్నవాళ్లేమో పెళ్లాం బిడ్డలు, పొలం పనులు వదిలి రాలేనివాళ్లు. అప్పుడు 1963లో వాళ్లొక పని చేశారు. విద్యార్థి సెమినరీకి రాలేకపోతే సెమినరీయే విద్యార్థి దగ్గరికి వెళ్లాలనుకున్నారు. ఇంట్లో తనకు తాను చదువుకునేలా పాఠాలు రాసి ఇచ్చారు, వారానికోసారి దగ్గర్లోని ఊళ్లో గురువు వచ్చి అందరినీ కూర్చోబెట్టి చర్చ పెట్టేవాడు. ఆ పద్ధతే లోకమంతా పాకింది, మన దేశంలో టాఫ్టీ అయింది. ఇంగ్లీషులోనూ మన దేశభాషల్లోనూ కోర్సులున్నాయి.

నన్నడిగితే మొదట టాఫ్టీ పద్ధతిలో ఒక కోర్సు చెయ్యి. ఒక్కదానివే కాదు. బిర్సానగర్‌లో, టెల్కోలో, బారీడీలో మనవాళ్లు ఎందరు లేరు? స్కూలు టీచరు ఒకరు, ఆటో నడిపే తమ్ముడు ఒకడు, కంపెనీలో రిటైరైన పెద్దాయన ఒకరు, నలుగురు దొరికితే చాలు. వారానికోసారి కూర్చోండి. మీ సిస్టర్ల డ్యూటీలు ఎలా మారతాయో నాకు తెలుసు, ఒక వారం తప్పితే తప్పింది. గుంపులో చదివినవాళ్లు మధ్యలో వదిలేయరు. పైగా నువ్వు చదివింది ఆటో తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే అది ఇంకా నీకే అర్థం కాలేదన్నమాట.

ఇంకో సంగతి. మూడు నెలల్లో డాక్టరేటు ఇస్తామని ఫోన్లు వస్తాయి. గౌను, టోపీ, ఫోటో, పేరు ముందు డాక్టరు, అన్నిటికీ కలిపి ఇంత అని ధర చెబుతారు. మీ గుర్తింపు ఎవరిది, సెరంపూర్ సెనేటా, ఆసియా థియలాజికల్ అసోసియేషనా అని అడుగు. తడబడితే ఫోన్ పెట్టెయ్యి. అబద్ధపు పట్టాతో సత్యం బోధించడమంటే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఈ చదువులో ఒక కష్టమైన మలుపు వస్తుంది, దానికి నిన్ను ముందే సిద్ధం చెయ్యాలి. పాత నిబంధన పాఠాలు మొదలయ్యాక అడుగుతారు: ద్వితీయోపదేశకాండం చివర మోషే చనిపోవడం, ఆయన సమాధి ఎవరికీ తెలియకపోవడం కూడా ఉన్నాయి, మరి అది ఎవరు రాశారు అని. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు అతి పురాతనమైన రెండు ముఖ్య రాతప్రతుల్లో లేవని చెబుతారు. యోహాను సువార్తలో వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీ కథ కూడా అలాంటిదే అంటారు. నీకు కాళ్లకింద నేల కదిలినట్టు ఉంటుంది. చిన్నప్పటినుంచి కంఠతా వచ్చిన వచనాలు కదా.

అప్పుడు రెండు తప్పులు చేస్తారు మనుషులు. కొందరు పుస్తకం మూసేసి, ఈ చదువు సాతానుదని పారిపోతారు. కొందరు మర్నాటి ఆదివారమే లేచి ముసలమ్మల ముందు తమ కొత్త తెలివి ఒలకబోస్తారు. నువ్వు రెండూ చెయ్యకు. నీ గురువును అడుగు, మళ్లీ అడుగు, ఇంకో పుస్తకం చదువు, రోజూ చేసే ప్రార్థన ఎప్పటిలా చెయ్యి. ఆ స్త్రీ కథను సంఘం ఇన్ని శతాబ్దాలు ఎందుకు వదులుకోలేదో ఆలోచించు. రాళ్లు పట్టుకున్న మగవాళ్ల మధ్య నిలబడ్డ ఆమెతో యేసు మాట్లాడిన తీరు ఆయనది కాకపోతే ఇంకెవరిది? రాతప్రతుల లెక్క తెలిశాక కూడా నా నమ్మకం అక్కడ ఇసుమంత తగ్గలేదు. నీకూ తగ్గదు. నమ్మే తీరు మారుతుంది, కాస్త సమయం పడుతుంది.

సంఘ చరిత్ర కూడా వస్తుంది. లూథర్, కాల్విన్, జర్మనీ, జెనీవా. అవి చదువు. కానీ నువ్వు పడుకుని లేచే పేట పేరు ఎవరిదో మరవకు. బిర్సా ముండా చైబాసాలో జర్మన్ మిషన్ బడిలో చదివిన పిల్లవాడు. తర్వాత మిషనరీలతో తెగతెంపులు చేసుకున్నాడు, తన జనం భూమి కోసం తిరగబడ్డాడు, 1900 జూన్ 9న పాతికేళ్లయినా నిండకుండా రాంచీ జైల్లో చనిపోయాడు. భూమిని కాపాడే ఛోటానాగపూర్ కౌలు చట్టం 1908లో వచ్చింది. మిషన్ బడి చదివిన కుర్రవాడు మిషన్‌ను ఎందుకు వదిలాడు? భూమి పోగొట్టుకున్నవాడికి సువార్త ఏం చెప్పాలి? ఇవి జెనీవా పుస్తకంలో దొరకవు. నువ్వు వార్డులో సేవ చేసే ముండా, హో, సంతాల్ అమ్మల బిడ్డలు అడగకుండా అడుగుతున్న ప్రశ్నలివి. ఎప్పుడైనా వ్యాసం రాయమంటే ఈ విషయం తీసుకో.

ఇంటి సంగతి. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పగలు పుస్తకం ముట్టకు, పడుకో. నిద్రలేని కళ్లతో చదివింది నిలవదు, పైగా నీ చేతిలో ఇంకొకరి ప్రాణం ఉంటుంది. డ్యూటీ చార్టు రాగానే ఆ నెలలో చదువుకునే పూటలు ఏవో గుర్తు పెట్టుకో, అవి అల్లుడు గారికీ, మీ అత్తగారికీ ముందే చెప్పు. వాళ్లకు తెలియకుండా దొంగిలించుకున్న సమయంతో చదివితే ఇంట్లో కోపం పుస్తకం మీదికి వస్తుంది. ఫీజు నీ జీతంలోంచే కట్టు. కానుకల డబ్బు, విదేశీ స్పాన్సరు, ఏదీ వద్దు. మూడేళ్లలో అయ్యేది ఆరేళ్లయినా నష్టం లేదు. బాబు పదో తరగతి వచ్చిన ఏడాది అసలు ఆపేసినా తప్పు లేదు.

ఆడదానికి ఇదంతా ఎందుకని ఎవరో ఒకరు అంటారు. గుడి మెట్ల మీదే అంటారు. వాళ్లతో వాదించకు. అపొల్లో లాంటి పండితుణ్ణి ఇంటికి పిలిచి దేవుని మార్గం ఇంకా బాగా విడమరిచి చెప్పినవాళ్లలో ప్రిస్కిల్ల ఉంది. రోమా పత్రిక చివర పౌలు భర్త పేరుకంటే ముందు ఆమె పేరు రాశాడు. పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో అనాథలనూ విధవలనూ సాకుతూనే హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలు మొత్తాన్ని మరాఠీలోకి తెచ్చింది. 1922లో కన్నుమూసేముందు ఆ పని పూర్తిచేసింది. ఆమెకూ తీరిక లేదు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. చదివేకొద్దీ మన ముసలివాళ్లు నీకు తెలివితక్కువవాళ్లుగా కనబడకూడదు. మీ నాయనమ్మకు అక్షరం రాదు. కానీ పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పదుల కొద్దీ నోటికి వచ్చు. 1803లో గంజాం సీమలో పుట్టిన ఆ మహానుభావుడు సిలువ గురించి, కృప గురించి, పశ్చాత్తాపం గురించి పాటలోనే పాఠం కట్టి పెట్టిపోయాడు. నువ్వు ఇంగ్లీషు పుస్తకంలో కృప అనే అధ్యాయం ముగించిన రోజు నాయనమ్మ పక్కన కూర్చుని ఏదైనా ఒక కీర్తన పాడించుకో, అందులో ఏ మాట ఎందుకు ఉందో అడుగు. రోజూ చదివే బైబిలు తెలుగుదే ఉండనీ. బయట హిందీ, ఆసుపత్రిలో ఇంగ్లీషు, నీకు తెలుగు చదవడం నెమ్మదిగా వస్తుందని తెలుసు. అయినా మన సంఘంలో ఏడ్చేవాళ్లు తెలుగులోనే ఏడుస్తారు.

సండే స్కూల్ క్లాసు ఈ చదువు పేరు చెప్పి మానకు. స్త్రీల సమాజం కూడికలో నెలకోసారి నేర్చుకున్నది పది నిమిషాలు చెప్పు, పెద్ద మాటలు లేకుండా.

ఫారం మీద సంఘ కాపరి సంతకం అడగొచ్చు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆగు, అయ్యగారి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం. మొదటి కోర్సు పుస్తకాల ఖర్చు నాది, అది మాత్రం కాదనకు.

మీ చిన్నాన్న