ఒక్క యూరో ఫోను

తిరుమణి,
పావగడ తాలూకా.

మనవరాలికి, మీ అవ్వ మోకాళ్ల నొప్పి ఎప్పటిలాగే ఉంది, నీ గురించి దిగులు మాత్రం కొంచెం తగ్గింది.

నువ్వు పంపిన ఫోటో చూశాను. అంగడి అద్దానికి అంటించిన కాగితంలో పెద్ద అక్షరాలతో ఒక్క యూరో అని, దాని కింద మెరిసే ఫోను, అట్టడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో నాలుగు వరసలు. "తాతా, ఒక్క యూరోకే కొత్త ఫోన్ ఇస్తారంట, తీసుకోనా?" అని అడిగావు. మీ నాయన వాడి విడిచిన ఫోనుతో విమానం ఎక్కిన పిల్లవు నువ్వు. దాని అద్దం పగిలిందని, ఛార్జింగ్ సగం పూట కూడా నిలవడం లేదని విన్నాను. నీ పేరున నువ్వే కొనుక్కునే మొదటి ఫోన్ ఇది. వద్దని ఎందుకంటాను? కొను. కానీ ఆ చీమ తలకాయల సంగతి తేలాక కొను.

ఆ వరసల్లో ఉన్నది 24 నెలల ఒప్పందమే అయి ఉంటుంది. జర్మనీలో ఫోన్ ఒప్పందాలు ఎక్కువగా రెండేళ్లవే. ఒక కాగితం తీసుకుని లెక్క వేయి. నెలకు 40 యూరోలు అనుకుంటే 24 నెలలకు 960, ఆ ఒక్క యూరో కలిపితే 961. అదే ఫోన్ విడిగా 500కి దొరికి, నెలకు 10 యూరోల ప్రీపెయిడ్ సిమ్‌తో నీకు సరిపోతే రెండేళ్లకు 740. ఈ అంకెలు నేను ఊరికే వేసుకున్నవి. అసలు ధరలు పెట్టి నువ్వు మళ్లీ వేయి. ఒక్కోసారి ఒప్పందమే చవక కావచ్చు, కాదనను. లెక్క వేయకుండా చవక అనుకోవద్దనే నా మాట.

వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేశాం కదా. అందులోంచి నెలకు నీ చేతికి వచ్చేది 992. గది బాడుగ, ఇన్సూరెన్స్, తిండి, బస్సు అన్నీ అందులోనే. వెయ్యి యూరోల ఫోన్ అంటే ఒక నెల బతుకు మొత్తం. ఇంకోలా చెప్తాను. యూరో మన నూరు రూపాయలకు అటూ ఇటూగా ఉంది. మన ఊరి భూములకు సోలార్ లీజు మొదట పలికిన రేటు ఎకరాకు ఏడాదికి 21,000. అంటే ఐదెకరాల నేల పన్నెండు నెలలు ఎండలో పడి ఉంటే ఆ ఒక్క ఫోను వస్తుంది. నిన్ను బాధపెట్టాలని చెప్పడం లేదు. అక్కడ నలుగురి చేతుల్లో ఉన్నది చూసినప్పుడు ఇక్కడి కొలత కూడా గుర్తుండాలని.

సంతకం అంటే నాకెందుకింత పట్టింపో నీకు సగం తెలుసు. మిగతా సగం ఇప్పుడు చెప్తాను. అప్పటికి నువ్వు బడిపిల్లవు.

శక్తిస్థల అని పేరు పెట్టిన సోలార్ పార్కు మన తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు భూముల్లో వచ్చింది. సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. 2018 మార్చి 1న ప్రారంభోత్సవం జరిగితే, చివరి ప్యానెళ్లు బిగిసేసరికి 2019 ముగిసిపోయింది. భూమి కొనలేదు, లీజుకు తీసుకున్నారు. పహణీలో పేరు రైతుదే, నేల మీద నీడ మాత్రం ప్యానెళ్లది. ఒప్పందం 28 ఏళ్లకు. రెండేళ్లకోసారి బాడుగ 5 శాతం పెరుగుతుంది.

వరుసగా వానలు తప్పి, బోర్లు ఎండి, శెనక్కాయ పెట్టుబడి కూడా చేతికి రాని ఊళ్లకు ఎకరాకు 21,000 అన్న మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించు. ఆ రోజుల్లో రచ్చకట్ట మీద వేరే మాటే లేదు. కొందరు మొదటి ఏడాది వచ్చే మొత్తం చూసి సంతకం పెట్టారు. నేను చివరి ఏడాది గురించి అడగాలనుకున్నాను. 28 ఏళ్లు అయ్యాక ఈ ఇనుప స్తంభాలు ఎవరు పీకుతారు? గట్లు చెరిగిపోయిన నేలలో నా హద్దు ఎవరు చూపిస్తారు? మధ్యలో నేను పోతే డబ్బు ఎవరి ఖాతాకు వస్తుంది? మన ఇంటి మాట తెలుగు, మేం బడిలో చదివింది కన్నడం, ఆ కాగితంలో ఉన్నది ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడని ఆఫీసు భాష. మీ నాయనను పక్కన కూర్చోబెట్టుకుని వాక్యం వాక్యం చదివించుకున్నాను. అర్థం కాని చోట గీత గీసుకుని, తెలిసినవాళ్ల దగ్గరికి పోయి అడిగి, తరువాతే వేలు కదిపాను. "ముసలాయనకు చాదస్తం" అన్నారు. అననీ. చాదస్తానికి ఖర్చు లేదు.

లీజు వల్ల మన ఇల్లు నిలబడిందన్నది నిజం. నీ చదువులో ఆ డబ్బు ఉంది. కానీ మన చేలల్లో కలుపు తీసి, శెనక్కాయ పీకి, కాయ ఒలిచి బతికిన భూమి లేనివాళ్లకు ఏ కాగితమూ లేదు, ఏ బాడుగా లేదు. గొర్రెలు కాసేవాళ్లకు మేపే బీడు పోయింది. ఒక సంతకం అది పెట్టినవాడిని ఒక్కడినే కట్టిపడేయదు, వాడి పక్కనున్నవాళ్ల బతుకునూ కదిలిస్తుంది. ఫోనుకు ఇంత కథ ఎందుకు తాతా అంటావేమో. ఎందుకంటే నీ సంతకం వెనక మీ నాయన ఉన్నాడు. నెల బిల్లు నువ్వు కట్టలేని రోజు అర్ధరాత్రి ఫోన్ మోగేది ఈ ఇంట్లోనే.

ఇక అక్కడి పద్ధతులు. మీ నాయన, నేను కూర్చుని కొంత తెలుసుకున్నాం, నువ్వూ సరిచూసుకో. ఒప్పందం ఆన్‌లైన్‌లో చేస్తే 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి తీసుకునే హక్కు ఉంది. అంగట్లో నిలబడి సంతకం చేస్తే చట్టం ఆ హక్కు ఇవ్వదు. చాలామంది పిల్లలు దీన్ని తలకిందులుగా అనుకుంటారు. అంగట్లో మనిషి ముఖం చూసి తీసుకున్నాం కాబట్టి తిరిగి ఇచ్చేయవచ్చనుకుని ఇరుక్కుంటారు. కాబట్టి అంగట్లో అతను ఎంత నవ్వుతూ మాట్లాడినా, ఆ రోజు కాగితం మాత్రమే తెచ్చుకో. సంతకానికి ముందే ఒప్పందం సారాంశాన్ని రాతలో ఇవ్వాలని అక్కడి చట్టం. అడిగి తీసుకో. ఇవ్వడానికి నసిగేవాడి దగ్గర ఇంకేమీ తీసుకోనక్కర్లేదు.

పన్నెండు నెలలకు మించని ఒప్పందం కూడా ఒకటి ప్రతి కంపెనీ చూపించాలి. అది గోడ మీద పెద్ద అక్షరాల్లో కనబడదు, నువ్వు అడగాలి. 2021 డిసెంబర్ నుంచి ఇంకో మేలు జరిగింది. రెండేళ్ల గడువు దాటాక ఒప్పందం తనంతట తాను సాగినా, ఒక నెల నోటీసుతో ఆపేయవచ్చు. అంతకుముందు మరో ఏడాది కట్టేసేవారు. గడువు తేదీ మాత్రం నీ క్యాలెండర్‌లో రాసుకో, కంపెనీ గుర్తు చేస్తుందని కూర్చోకు.

బిల్లు ఎగ్గొడితే ఏమవుతుందో కూడా తెలుసుకో. 1927లో బెర్లిన్‌లో మొదలైన షూఫా అనే సంస్థ ఆ దేశంలో ఎవరు అప్పు తీర్చారు, ఎవరు తీర్చలేదు అన్న చిట్టా రాస్తుంది. రేపు నువ్వు ఇంకో గదికి మారాలంటే ఇంటి యజమాని ఆ కాగితమే అడుగుతాడు. చదువు అయిపోయింది కదా, విమానం ఎక్కేస్తే ఎవరు అడుగుతారు అని నీకు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అలాంటివాళ్ల పక్కన గది కూడా తీసుకోవద్దు. నీ తరువాత అక్కడికి వచ్చే మన పిల్లలకు ఇల్లు దొరకకపోవడం అలాగే మొదలవుతుంది.

జర్మన్ కాగితాన్ని ఫోన్ కెమెరాతోనే తెలుగులో చదువుకోవచ్చంటున్నావు. మంచిదే, అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. సంతకం పెట్టడానికి చాలదు. ఆ భాష బాగా వచ్చిన సీనియర్ ఎవరికైనా చూపించు, లేదా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు పో. వినియోగదారుల సలహా కేంద్రం కూడా ప్రతి రాష్ట్రంలోనూ ఉంటుంది. అడగడానికి సిగ్గుపడితే రెండేళ్లు బిల్లు కట్టాలి.

ఏ ఫోన్ అన్నది నీ ఇష్టం, రంగు గురించి నన్ను అడగకు. ఒక్కటి చెప్తాను. 2025 జూన్ 20 నుంచి యూరప్‌లో అమ్మకానికి వచ్చే కొత్త మోడళ్లకు మన ఫ్రిజ్‌ల మీద ఉన్నట్టు ఒక లేబుల్ ఉంటోంది. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, కింద పడితే ఎంత తట్టుకుంటుందో, రిపేరు ఎంత సులభమో దాని మీద ఉంటుంది. ఆ మోడల్ అమ్మకం ఆపిన తరువాత కూడా కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలన్నది అక్కడి నిబంధన. నీ చదువు దాటి ఉద్యోగంలో కుదురుకునే దాకా ఒకే ఫోన్ నడిచేలా చూసుకో. సెకండ్ హ్యాండ్‌ది కొన్నా నాకు చిన్నతనం కాదు. అయితే దాని అమ్మకపు బాధ్యత మోయగలిగే అంగట్లోనే, బిల్లుతోనే కొను. రైల్వే స్టేషన్ దగ్గర ఎవరో చేతిలో పెట్టే ఫోను ఎవరి జేబులోంచి వచ్చిందో నీకు తెలియదు.

సిమ్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. అక్కడ 2017 జూలై నుంచి ప్రీపెయిడ్ సిమ్‌కు కూడా పాస్‌పోర్టు చూపించాల్సిందే. ఆ నంబర్‌తో ఎవరు ఏం చేసినా పోలీసులు ముందు వెతికేది నిన్ను. కొత్తగా దిగిన స్నేహితురాలికి రెండు రోజులు అవసరం అంటే మన మనసు కరుగుతుంది. ఆమెను నీ గదిలో ఉండనివ్వు, అన్నం పెట్టు, నీ ఫోనులోంచే వాళ్ల అమ్మకు కాల్ చేయించు. నీ పేరు మీద సిమ్ మాత్రం తీసివ్వకు. బ్యాంకు ఖాతా కూడా అంతే. "నీ అకౌంట్‌లోకి డబ్బు వేస్తాం, కాస్త ఉంచుకుని మిగతాది పంపు" అనేవాడు స్నేహితుడు కాడు.

ఇక్కడి పాత నంబరును చావనివ్వకు. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నంబరును తీసేయవచ్చు, కొన్నాళ్లకు అది వేరేవాళ్ల చేతికి పోతుంది. 2023లో విదేశీ నంబర్లతోనూ యూపీఐ వాడుకునే వీలు పది దేశాలవాళ్లకు ఇచ్చారు కానీ ఆ పదింటిలో జర్మనీ లేదు. అందుకే రెండు సిమ్‌లు పట్టే ఫోన్ చూసుకో. రీఛార్జ్ ఇక్కడ మీ నాయన చేస్తాడు, అది అతని పని అని ఇంట్లో తీర్మానం అయిపోయింది.

ఇంకొకటి ఉంది, ఇది మా కోసం. డిజిటల్ అరెస్ట్ అని చెప్పి వీడియో కాల్‌లో పోలీసు వేషం వేసి ముసలివాళ్ల దగ్గర లక్షలు గుంజుతున్నారని పేపర్లో ఆగకుండా వస్తోంది. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబర్‌లో ప్రధాని కూడా రేడియోలో చెప్పాడు. విదేశాల్లో పిల్లలున్న ఇళ్లంటే ఆ దొంగలకు మరీ ఇష్టం. "మీ మనవరాలిని ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు, వెంటనే డబ్బు పంపండి" అంటే మీ అవ్వ గుండె ఆగుతుంది, తరువాతే ఆలోచిస్తుంది. గొంతును కూడా అచ్చంగా తయారు చేస్తున్నారట. అందుకని ఇంటికి ఒక గుర్తు మాట పెట్టుకుందాం. నిజంగా ఆపద వస్తే నువ్వు ఆ మాట చెప్పాలి, చెప్పకపోతే మేము పెట్టేసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తాం. ఏ మాటో ఇందులో రాయను. ఈ ఆదివారం కాల్‌లో అవ్వ చెప్తుంది, ఆమే ఎంచుకుంది. నవ్వకు.

ఒకప్పుడు మొబైల్‌కు వచ్చిన కాల్ ఎత్తినా డబ్బు కట్టిన దేశం మనది. 2003 దాకా అదే నడిచింది. అందుకే మా తరం ఫోన్‌లో గబగబా మాట్లాడి పెట్టేస్తుంది. నేను రెండు ముక్కలకే "సరే ఉంటాను" అంటే కోపం అనుకోకు, అది ఆ కాలం అలవాటు. నువ్వు మాట్లాడుతూ ఉండు, నేను వింటాను.

కొన్నాక బిల్లు ఫోటో తీసి ఈమెయిల్‌లో దాచుకో. ఫోన్‌లో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు ఒక పుస్తకంలో రాసి పెట్టు. పోయినప్పుడు పోలీసులు అడిగేది అదే. పాతదాంట్లో మీ నాయన ఫోటోలు, బ్యాంకు యాప్‌లు ఉంటాయి. అన్నీ తుడిచిన తరువాతే ఎవరికైనా ఇవ్వు.

చివరగా, మీ చిన్నాయన కొడుకు నీకు ఇప్పటికే మెసేజ్ పెట్టి ఉంటాడు. వచ్చేటప్పుడు తనకూ ఒక ఐఫోన్ తెమ్మని, డబ్బు ఇక్కడ ఇస్తానని. అక్కడ కొన్నదానికి చట్టం ఇచ్చే పూచీ అక్కడి అంగడిమీదే ఉంటుంది, ఇక్కడ చెడిపోతే వాడు నీ మీదే పడతాడు. పైగా వాడు ఇస్తానన్న డబ్బు నాకు నెలల క్రితం ఇస్తానన్న డబ్బు లాంటిదే. నేను కుదరదని చెప్పేశాను. మళ్లీ అడిగితే తాత వద్దన్నాడని నా మీద వేసెయ్.

ఇట్లు,
మీ తాత